పరిశోధన పత్రికలూ, వాటి పొలిమేరలూ: కైవార ప్రాంతపు తెలుగు దృష్ట్యా ఒక పరిశీలన

1

పరిశోధన పత్రికల చరిత్ర మన భాషలో చాలావరకు సంపుటాల చరిత్రగానే వెలువడుతూ వచ్చింది. ఏ సంవత్సరంలో ఏ పత్రిక పుట్టింది, సంపాదకులెవరు, ఎన్ని సంచికలు వచ్చాయి, ఎప్పుడు ఆగిపోయింది అన్న వివరాలతో ఆ చరిత్ర ముగుస్తుంది. ఈ వివరాలు అవసరమే, కాదనం. అయితే పత్రికకు డబ్బు ఎవరిచ్చారు, ఏ భాషలో ఏ లిపిలో అచ్చువేశారు, చందాదారులు ఏ ఊళ్ళలో ఉన్నారు, వ్యాసం స్వీకరించదగినదో కాదో నిర్ణయించినవారెవరు, ఎవరి మాటను గురించి వ్రాశారో వారు ఆ వ్యాసాన్ని చదవగలిగారా అన్న ప్రశ్నలు వేసినప్పుడు గాని పత్రికల సామాజిక చరిత్ర మొదలు కాదు. తెలుగు భాషాధ్యయనానికి సంబంధించిన పత్రికలను ఈ ప్రశ్నలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు గీటురాయిగా ఒక చిన్న ప్రాంతాన్ని తీసుకొన్నాం. అది కైవారం.

కైవారం చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకాలోని ఊరు. 2007లో కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇదంతా కోలారు జిల్లా. ఉత్తరాన బాగేపల్లి దాటితే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ఈ తాలూకాలలో ఎన్నో కుటుంబాలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కచ్చేరిలో కన్నడం, సంతలో రెండూ. భక్తులు తాతయ్య అని పిలుచుకొనే కైవారం నారాయణప్ప, అనగా యోగి నారేయణ యతీంద్రులు, ఈ ఊరివారే. గాజులు అమ్ముకొని జీవించిన ఆయన తెలుగులోను కన్నడంలోను కీర్తనలు, తత్త్వాలు చెప్పారు. 1726లో పుట్టి 1836లో సమాధి చెందారని సంప్రదాయం చెబుతుంది. ఆయన తెలుగు పదాలను ఇక్కడి భజన గోష్ఠులు ఇప్పటికీ పాడుతున్నాయి. పాడేవారి చేతిలోని పుస్తకం చూస్తే భాష తెలుగు, లిపి కన్నడం.

ఈ పుస్తకం ఏ పరిశోధన పత్రిక గ్రంథసూచిలో చేరాలి? తెలుగు లిపి లేదు కనుక తెలుగు గ్రంథసూచి తయారుచేసేవారి కంట పడదు. కన్నడ భాష కాదు కనుక కన్నడ సాహిత్య చరిత్రకారుడు దాన్ని పక్కన పెడతాడు. మా వాదాన్ని ముందే చెప్పుకొంటాం. మన విద్యా పత్రికలు తమ పొలిమేరలను విషయాన్ని బట్టి గీసుకోలేదు, తమ పాఠకులు ఎక్కడున్నారో దాన్నిబట్టి గీసుకొన్నాయి. ఆ గీతలు ఒకసారి రాజ్య సరిహద్దులయ్యాయి, ఒకసారి లిపులయ్యాయి, ఒకసారి శాస్త్ర పరిభాష అయ్యాయి. కైవార ప్రాంతపు తెలుగు ప్రతిసారీ గీతకు అవతలే మిగిలింది. ఇది ఎవరో పనిగట్టుకొని చేసిన అన్యాయం కాదు. పత్రిక అనే సంస్థ పనిచేసే తీరులోనే దీని మూలం ఉంది.

2

విద్యా పత్రిక అనే సంస్థ పుట్టింది ఐరోపాలో. 1665లో పారిస్‌లో జూర్నాల్ దె సావాఁ, లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ రెండు నెలల తేడాతో మొదలయ్యాయి. పండితులు ఒకరికొకరు వ్రాసుకొనే ఉత్తరాలు అంతకు ముందునుంచీ ఉన్నాయి. పత్రిక ఆ ఉత్తరాన్ని అచ్చుకెక్కించి, తేదీ వేసి, ఈ సంగతి మొదట చెప్పింది ఫలానావారు అని అందరి ముందూ నమోదు చేసింది. పత్రికకు వ్యాసమెంత అవసరమో, ఆ వ్యాసాన్ని ఎదురుచూసే సమూహమూ అంతే అవసరమన్నది అప్పటినుంచీ తేలుతున్న విషయం.

ద్రావిడ భాషాధ్యయన ప్రారంభంలోనే ఈ అవసరానికి ఒక నిదర్శనం కనబడుతుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవని, సంస్కృతంనుంచి పుట్టినవి కావని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో ధాతువుల పట్టికలతో నిరూపించాడు. ఆ నిరూపణ అచ్చయింది పత్రికలో కాదు, ఏ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన ఉపోద్ఘాతంలో. అప్పటికి మదరాసులో అటువంటి విషయాలకు పత్రిక లేదు. ఎల్లిస్ 1819లో మరణించాడు. 1856లో కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం వచ్చినప్పుడు ఆ కీర్తి అంతా కాల్డ్వెల్ పేరిట స్థిరపడింది. ఎల్లిస్ చెప్పినదానికి దక్కవలసిన స్థానం పండితలోకంలో మళ్ళీ దక్కడానికి చాలా కాలం పట్టింది. ఎల్లిస్ విస్మృతికి కారణాలు అనేకం ఉండవచ్చు. చదివి, ప్రశ్నించి, తరువాతి సంచికలో జవాబు వ్రాసే సమూహం ఆయన చుట్టూ లేకపోవడం వాటిలో ఒకటని మా అభిప్రాయం.

సంప్రదాయం చెప్పే తేదీల ప్రకారం ఎల్లిస్ పట్టికలు అచ్చయిన నాటికి కైవారంలో నారాయణప్ప జీవించే ఉన్నారు. మదరాసులో తెలుగు కన్నడాల బంధుత్వం ధాతువులతో నిరూపితమవుతున్న కాలంలో, అక్కడికి పడమట ఒక గ్రామంలో ఒకే మనిషి రెండు భాషల్లో పదాలు కట్టి పాడుతున్నారు. ఈ రెండింటికీ సంబంధం కల్పించే మార్గం మాత్రం లేదు. కైవారం మైసూరు రాజ్యంలోది. తెలుగు చదువుకు సంబంధించిన కళాశాల, ముద్రణాలయం, దొరలు, పండితులు అందరూ కుంఫిణీవారి మదరాసు ప్రెసిడెన్సీలో ఉన్నారు.

1833లో మదరాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ మొదలయింది. సి.పి. బ్రౌన్ తెలుగు భాషాసాహిత్యాలమీద వ్రాసిన ఆంగ్ల వ్యాసం 1839, 1840లలో అందులోనే వెలువడింది. తెలుగు సాహిత్యాన్ని గురించి ఒక విద్యా పత్రికలో విపులంగా వచ్చిన తొలి వ్యాసాలలో అది ఒకటి. వ్రాసింది ఆంగ్లంలో, చదివింది అధికారులు. బ్రౌన్‌కు ప్రతులు సేకరించి, పాఠాలు పరిష్కరించి, అర్థాలు చెప్పిన పండితులు ఆ పత్రికకు పాఠకులు కారు. సమాచారమిచ్చే వారు వేరు, పాఠకులు వేరు అనే ఈ విభజన పత్రికతోపాటే మన దేశానికి వచ్చింది. బ్రౌన్ నిష్ఠను మేము శంకించడం లేదు. ఆయన లేకపోతే మనకు వేమన ఈ రూపంలో దక్కేవాడు కాడు. కాని ఈ విభజన తరువాతి కాలంలో ఎన్ని వేషాలు మార్చిందో చూడవలసి ఉంది.

3

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో తెలుగువారే తమ పత్రికలను స్థాపించుకొన్నారు. 1911లో మదరాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. జయంతి రామయ్య పంతులుగారు దానికి వెన్నెముక. మరుసటి ఏడు పరిషత్పత్రిక మొదలయింది. పిఠాపురం మహారాజావారి పోషణలో పరిషత్తు తలపెట్టిన నిఘంటువుకు సూర్యరాయాంధ్ర నిఘంటువు అని పేరుపెట్టడంలోనే ఆనాటి విద్యా వ్యవస్థ అర్థమవుతుంది. పోషకులు జమీందారులు. రచయితలు ఎక్కువగా అగ్రవర్ణ పండితులు, న్యాయవాదులు, ప్రభుత్వోద్యోగులు. భాష గ్రాంథికం. పరిషత్పత్రిక తాళపత్ర గ్రంథాలను వెలికితీసింది, శాసనాలను చర్చించింది, పాఠభేదాలను పట్టించుకోవడం నేర్పింది. ఆ ఋణం చిన్నది కాదు. కాని గ్రాంథికంలో వ్రాయలేనివానికి ఆ పత్రికలో చోటు లేదు. గ్రాంథికంలో లేని తెలుగు ఆ పత్రికకు పరిశోధ్యమూ కాదు.

పరిషత్తుతో తలపడిన గిడుగు రామమూర్తి పంతులుగారికి ఈ సంగతి బాగా తెలుసు. 1913లో ఆయన తన వాదాన్ని ఆంగ్లంలో విజ్ఞప్తి పత్రంగా ప్రకటించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను తానే నడిపారు. అది ఎక్కువకాలం సాగలేదు. మా దృష్టిలో ఆ పత్రిక విలువ దాని ఆయుర్దాయంలో లేదు. మాట్లాడే భాషను గురించి మాట్లాడే భాషలోనే శాస్త్రచర్చ చేయవచ్చునని అది చేసి చూపింది. సవరలకోసం సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు సిద్ధం చేసినవారికే ఆ ఊహ రావడం ఆశ్చర్యం కాదు. ఎవరి భాషను గురించి వ్రాస్తున్నామో వారిని పాఠకులుగా లెక్కించడం గిడుగువారి పద్ధతి. ఆ పద్ధతిని మన తరువాతి పత్రికలు సిద్ధాంతంగా గౌరవించాయి గాని ఆచరణలో విడిచిపెట్టాయి.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రారంభించిన భారతి 1991దాకా వచ్చింది. ఇది కేవలం పరిశోధన పత్రిక కాదు. కథ, పద్యం, నాటిక, శాసనచర్చ, వ్యాకరణ వివాదం అన్నీ ఒకే సంచికలో ఉండేవి. కథకోసం తెప్పించుకొన్న చందాదారుడు శాసనవ్యాసం కూడా తిరగవేసేవాడు. జిల్లా పట్టణంలోని ఉపాధ్యాయుడు ఒక పాఠం తప్పని లేఖ వ్రాస్తే, పేరుమోసిన పండితుడు తరువాతి సంచికలో సమాధానం చెప్పుకొనేవాడు. దీనికి ప్రతికూలమైన ముఖం కూడా ఉంది. అజ్ఞాత పరిశీలకులు లేనిచోట సంపాదకుని అభిరుచే చివరి తీర్పు. ఆ తీర్పుపై అప్పీలు లేదు. అయినా పరిశోధనకు పండితేతర పాఠకులను సంపాదించిపెట్టడంలో భారతికి సాటివచ్చిన పత్రిక తెలుగులో తరువాత రాలేదని చెప్పక తప్పదు.

భారతికి గాని పరిషత్పత్రికకు గాని మైసూరు దేశం తెలియనిది కాదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1912 నుండి దాదాపు 38 ఏళ్ళు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించారు. కట్టమంచి రామలింగారెడ్డిగారూ ఆ కళాశాలలో కొంతకాలం పనిచేశారు. అంటే మైసూరు రాజ్యంలో ఉన్నత స్థాయి తెలుగు విద్య ఉంది, తెలుగు విమర్శ ఉంది. అయితే అది కళాశాలలోని తెలుగు. అదే రాజ్యంలో, అదే కాలంలో కోలారు జిల్లా పల్లెల్లో వాడుకలో ఉన్న తెలుగు ఆ విమర్శకు వస్తువు కాలేదు. రాళ్ళపల్లివారి వంటి సంగీతసాహిత్య మర్మజ్ఞులు ఉన్న రాజ్యంలోనే కైవార పదాలు విద్యా పత్రికల వెలుపల ఉండిపోయాయన్నది గమనార్హం. ఇందులో వ్యక్తుల లోపం వెదకడం సరికాదు. ఆనాటి సాహిత్య విమర్శకు కావ్యం వస్తువు, ప్రబంధం వస్తువు. భజన మందిరంలో పాడుకొనే తత్త్వం కాదు.

4

మరి మైసూరు వైపు పత్రికలు ఏం చేశాయి? 1905లో బి.ఎల్. రైస్ ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటం కోలారు జిల్లా శాసనాలది. చింతామణి, బాగేపల్లి తాలూకాల శాసనాలు అందులో తాలూకాలవారీగా ఉన్నాయి. కన్నడంతోపాటు తమిళ, తెలుగు శాసనాలూ ఉన్నాయి. పరిపాలనా సౌకర్యంకోసం జిల్లా ప్రమాణంగా చేసిన సేకరణ కనుక భాషాభేదం అడ్డురాలేదు. మా ప్రాంతపు బహుభాషా స్వరూపం కొంతవరకైనా యథాతథంగా అచ్చయింది ఈ సంపుటంలోనే. 1909లో బెంగుళూరులో ఏర్పడిన మిథిక్ సొసైటీ త్రైమాసిక పత్రిక ఆంగ్లంలో నడిచింది. దానికీ భాషాభేదం పెద్ద అడ్డు కాదు. కాని ఈ రెండూ ఆంగ్లం వచ్చినవారికి మాత్రమే తెరచిన తలుపులు.

1915లో బెంగుళూరులో కన్నడ సాహిత్య పరిషత్తు వెలిసింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. రెండూ దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి కాలంలోనివే. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి చిక్కబళ్ళాపురానికి దగ్గర. ఆయన ఇంటి భాష తెలుగు. ఈ సంగతిని కొందరు తెలుగు అభిమానులు నిష్ఠూరంగా ప్రస్తావిస్తూ ఉంటారు. మేము ఆ నిష్ఠూరంలో పాలుపంచుకోము. రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాషకు సంస్థలు కల్పించడం దివాను ధర్మం. ఇంట తెలుగు, బయట కన్నడం అనే అమరిక ఈ ప్రాంతంవారికి ఆనాటికే సహజం. 1919లో ఎ.ఆర్. కృష్ణశాస్త్రిగారు బెంగుళూరు సెంట్రల్ కాలేజీ కర్ణాటక సంఘం తరఫున ప్రబుద్ధ కర్ణాటకను ప్రారంభించారు. అది తరువాత మైసూరు విశ్వవిద్యాలయ పత్రిక అయింది. కన్నడంలో శాస్త్రం చెప్పడానికి ఆ పత్రిక చేసిన కృషి తెలుగువారు అసూయపడదగినది.

అయితే ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పరిషత్తు, ఒక్కొక్క పరిషత్తుకు ఒక్కొక్క పత్రిక అనే ఏర్పాటు స్థిరపడిన కొద్దీ రెండు భాషల మధ్య బ్రతికేవారికి చోటు కుదించుకుపోయింది. కన్నడ పత్రికకు కైవారం తాతయ్య కన్నడ పదాలు కావాలి. తెలుగు పత్రికకు ఆయన తెలుగు పదాలైనా కావలసి ఉండాలి, కాని అవి కన్నడ లిపిలో ఉన్నాయి. ఒకే మనిషి కవిత్వాన్ని నడుమకు కోసి, ఒక ముక్కను ఒకరు ఉంచుకొని, రెండో ముక్కను ఎవరూ తీసుకోకపోవడం వంటిది ఇది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన తరువాత ఈ కోత మరింత లోతుగా దిగింది. విశ్వవిద్యాలయాలకు, అకాడమీలకు నిధులిచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే అయినప్పుడు పరిశోధన రాష్ట్రపు పొలిమేర దాటకపోవడంలో వింత లేదు.

5

సాహిత్య పత్రికలు వదిలివేసినదాన్ని భాషాశాస్త్ర పత్రికలు పట్టించుకోవాలి. వ్యవహారంలో ఉన్న ప్రతి మాటా భాషాశాస్త్రానికి సమానమే కదా. 1928లో లాహోరులో భారతీయ భాషాశాస్త్ర సమాజం ఏర్పడింది. 1931లో దాని పత్రిక ఇండియన్ లింగ్విస్టిక్స్ వచ్చింది. 1955 నుండి పూనా డెక్కన్ కాలేజీ కేంద్రంగా, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ధనసహాయంతో నడచిన వేసవి పాఠశాలలు ఒక కొత్త తరాన్ని తయారుచేశాయి. 1972లో వి.ఐ. సుబ్రమణ్యంగారి ప్రోత్సాహంతో తిరువనంతపురంనుంచి ద్రావిడ భాషాశాస్త్ర అంతర్జాతీయ పత్రిక మొదలయింది. 1975లో ఉస్మానియా పేపర్స్ ఇన్ లింగ్విస్టిక్స్ వచ్చింది. మా తరం పరిశోధకులు ఈ పత్రికల్లో తమ పేరు చూసుకోవడమే విద్యాప్రవేశంగా భావించారు.

ఈ తరానికి ఆదర్శమైన కృషి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం. 1962లో వ్యవసాయ పదాలతో తొలి సంపుటం వచ్చింది. రైతు మాటను శాస్త్రీయంగా సేకరించి, ఏ జిల్లాలో ఏ రూపమో చూపిన అటువంటి గ్రంథం మన భాషలో అంతకుముందు లేదు. కాని దాని క్షేత్రం ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. అచ్చువేసింది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి. తెలుగు మాండలికాల విభజనకు ఆ సేకరణ ఆధారమైనప్పుడు, రాష్ట్రపు సరిహద్దే మాండలిక పటానికి అంచుగా నిలిచింది. హిందూపురం పటంలో ఉంది. దానికి కూతవేటు దూరంలోని బాగేపల్లి, గౌరిబిదనూరు లేవు. ‘వచ్చినాడు’, ‘చెప్పినాడు’, ‘యాడ’ అనే వ్యవహారం సరిహద్దు గీత దగ్గర ఆగదని అక్కడి బస్సు కండక్టరుకు తెలుసు. సర్వే పరిమితిని ఆ గ్రంథమే దాచలేదు. ఆ పటాన్ని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించిన తరువాతివారు ఆ పరిమితిని మరచిపోయారు. తప్పు అక్కడ ఉంది.

భాషాశాస్త్ర పత్రికలలో రెండో సమస్య పాఠకులది. వ్యాసం ఆంగ్లంలో ఉంటుంది, ఉదాహరణలు ధ్వనిలిపిలో ఉంటాయి. మాట ఇచ్చిన మనిషికి ‘సమాచారదాత’ అని పేరు. ఆయన వయస్సు, కులం, చదువు పట్టికలో ఉంటాయి. పేరు చాలాసార్లు ఉండదు, ఉన్నా కృతజ్ఞతలలో ఒక వాక్యంలో ఉంటుంది. బ్రౌన్ కాలపు విభజన ఇక్కడ శాస్త్రం వేషంలో తిరిగి ప్రత్యక్షమైంది. శాస్త్రానికి ధ్వనిలిపి అవసరమన్న సంగతి భాషాశాస్త్రంలో పట్టా పుచ్చుకొన్న మాకు వేరే చెప్పనక్కరలేదు. మా అభ్యంతరం ధ్వనిలిపి మీద కాదు. అది ఒక్కటే ఉండి, వ్యవహర్త చదవగల లిపి ఎక్కడా లేకపోవడం మీద.

6

ఈ విమర్శకు మేమూ అతీతులం కాము కనుక మా అనుభవం ఒకటి చెప్పుకోవలసి ఉంది. మేము పుట్టింది చింతామణి తాలూకాలో. చదివింది కన్నడ మాధ్యమంలో. ఇంట్లో మాట్లాడే భాషకు వేరే అక్షరాలున్నాయని తెలిసింది హైస్కూలు దాటిన తరువాత. పరిశోధన పూర్తయిన కొత్తలో మా ప్రాంతపు పట్టు పెంపకం మాటల మీద ఒక వ్యాసం వ్రాశాం. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు ప్రసిద్ధమైనది. చుట్టుపక్కల పల్లెల్లో ఈ వృత్తి ఇంటింటా ఉంది. పట్టును ఇక్కడి తెలుగువారు కన్నడంవారివలెనే రేష్మె అంటారు. పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. పొర విడవడానికి ముందు మేత మాని కదలకుండా ఉండే దశను జ్వరం అంటారు. పురుగు జ్వరానికి కూర్చుంటుంది, జ్వరంనుంచి లేస్తుంది. గూడు కట్టడానికి సిద్ధమైనప్పుడు పండుతుంది. పండినదాన్ని ఏరి చంద్రికెమీద వేస్తారు. రెండు భాషలవారు కలిసి చేసే వృత్తిలో పదజాలం ఎలా ఉమ్మడి సొత్తు అవుతుందో చూపడం ఆ వ్యాసం లక్ష్యం.

ఒక తెలుగు పత్రికకు పంపాం. ‘ఇందులోని పదాలు చాలావరకు కన్నడ పదాలు, మా పాఠకులకు ఆసక్తి ఉండదు’ అని తిరిగి వచ్చింది. కన్నడంలో వ్రాసి ఒక కన్నడ పత్రికకు పంపాం. ‘ఇది తెలుగు మాండలికానికి సంబంధించినది, తెలుగు పత్రికకు పంపగలరు’ అని సౌమ్యంగా సలహా ఇచ్చారు. రెండు తిరస్కారాలూ తమ తమ దృష్టిలో న్యాయమైనవే. రెండింటినీ పక్కపక్కన పెడితే గాని లోపం కనబడదు. చివరకు ఆంగ్లంలో తిరగవ్రాశాం. ఉమ్మడి వృత్తిని గురించిన భాగం తగ్గించి, భాషాసంపర్క సిద్ధాంతాల చర్చ పెంచాం. ఒక ఆంగ్ల పత్రిక స్వీకరించింది. మా పదోన్నతికి అది పనికివచ్చింది.

మాటలు ఇచ్చిన పెద్దాయన ఒకరోజు అడిగారు: ‘ఏమప్పా మేష్ట్రూ, మా మాటలన్నీ రాసుకోని పోతివి గదా, యాడ అచ్చయినాయి అవి?’ ప్రతి తీసుకొనివెళ్ళాం. ఆంగ్లం ఆయనకు రాదు. కూర్చొని ఒక్కొక్క పేజీ తెలుగులో చెప్పాం. సగం దాకా విని ఆయన ఆపారు. మేము ఆయన వ్యవహారంగా నమోదు చేసిన మాటల్లో రెండు తమవి కావని, అవి రేష్మె ఇలాఖావారు నేర్పినవని, చదువుకొన్నవారు వచ్చి అడిగినప్పుడు మాత్రమే ఆ మాటలు అంటామని చెప్పారు. ఇంట్లో అనే మాటలు వేరే చెప్పారు. మా వ్యాసంలోని ఒక నిర్ధారణ దానితో బలహీనపడింది. ఇద్దరు అజ్ఞాత పరిశీలకులు చదివి ఆమోదించిన వ్యాసమది. ఆ పొరపాటు వారికి తెలిసే అవకాశం లేదు. తెలిసిన పరిశీలకుణ్ణి ఏ పత్రికా అడగదు. ఆ సవరణను పంపడానికి ఆ పత్రికలో శీర్షిక కూడా లేదు. భారతిలో అయితే ఒక లేఖ వ్రాసి ఉండేవాళ్ళం.

7

గత పదిహేనేళ్ళలో పరిస్థితి వేరొక మలుపు తిరిగింది. 2010 నిబంధనలతో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం అధ్యాపకుల ప్రచురణలకు అంకెలు కేటాయించింది. అంకెలు వచ్చినవెంట వ్యాసాలూ వచ్చాయి, వ్యాసాలకు తగినన్ని పత్రికలూ పుట్టుకొచ్చాయి. 2017లో సంఘం ఆమోదిత పత్రికల జాబితా ప్రకటించింది. 2018 మే నెలలో అందులోనుంచి 4,305 పత్రికలను తొలగించింది. 2019లో కేర్ జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ విరమించి, పత్రికల నాణ్యతను నిర్ణయించుకొనే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది.

ఈ జాబితాల ఉద్దేశాన్ని మేము తప్పుపట్టము. డబ్బు పుచ్చుకొని ఏదైనా అచ్చువేసే పత్రికలను అరికట్టవలసిందే. కాని జాబితా ఉన్నన్నాళ్ళూ పరిశోధక విద్యార్థి అడిగిన మొదటి ప్రశ్న ‘ఈ వ్యాసం ఎవరు చదువుతారు’ అన్నది కాదు, ‘ఈ పత్రిక జాబితాలో ఉందా’ అన్నది. జమీందారు పోషించిన పత్రికకు జమీందారు పాఠకుడు. అధికారికోసం వ్రాసిన పత్రికకు అధికారి పాఠకుడు. అంకెలకోసం వ్రాసిన వ్యాసానికి పాఠకుడే ఉండనక్కరలేదు. మూడు వందల ఏళ్ళుగా పత్రికకు ప్రాణాధారమైన సమూహం ఇక్కడ మొదటిసారి అనవసరమైంది. కైవార తెలుగు ఇన్నాళ్ళూ పొలిమేరకు అవతల ఉందని చెప్పుకొన్నాం. ఇప్పుడు పొలిమేర లోపలివారికి కూడా అదే గతి పట్టింది.

జాబితా రద్దయిన ఈ సందు చిన్నది కావచ్చు, అయినా ఉపయోగించుకోదగినది. నాణ్యత అంటే ఏమిటో చెప్పే బాధ్యత తిరిగి మన మీద పడింది. పీఠాలు, శాఖలు మళ్ళీ ఒక కొత్త జాబితాకోసం ఎదురుచూస్తూ కూర్చొంటే ఆ అవకాశం చేజారుతుంది.

8

మా సూచనలు కొద్దివి. ఇవి మొదట ఈ పీఠం వెలువరించే ప్రకటనలకే వర్తించాలని కోరుతున్నాం. కన్నడ లిపిలో అచ్చయిన తెలుగు గ్రంథాలను తెలుగు గ్రంథసూచులలో చేర్చాలి. కైవార కీర్తనలతో ఈ పని ప్రారంభించవచ్చు. తమిళ లిపిలో ఉన్న తెలుగు సంగీత రచనలను మనం పరాయివిగా ఎంచలేదు గదా, కన్నడ లిపిమీద మాత్రం ఈ పట్టింపు ఎందుకు? సరిహద్దు ప్రాంతాల భాషమీద వచ్చే ప్రతి వ్యాసానికి ఆ ప్రాంతంవారు చదవగల లిపిలో, ఇక్కడైతే కన్నడ లిపిలో, వారి తెలుగులో ఒక పుట సారాంశం ఉండాలి. పరిశీలకులలో ఒకరు ఆ భాషను ఇంట్లో మాట్లాడేవారై ఉండాలి. ఆయనకు పట్టా ఉండనక్కరలేదు. మాటలు ఇచ్చినవారి పేర్లు, వారు సమ్మతిస్తే, వ్యాసం మొదట్లో రావాలి. అచ్చయిన ప్రతి వారికి చేరాలి. వారు చెప్పే సవరణలకు ప్రతి సంచికలోనూ చోటు ఉండాలి.

ఇవి పరిశోధన ప్రమాణాలను తగ్గించే సూచనలని కొందరు మిత్రులు అనవచ్చు. మా అనుభవం అందుకు విరుద్ధంగా ఉంది. మా వ్యాసంలోని తప్పును పట్టుకొన్నది ప్రమాణాలు తెలిసిన పరిశీలకులు కాదు, ఆ మాటలు ఇచ్చిన పెద్దాయన. భజన మందిరంలో కన్నడ లిపి పుస్తకం పట్టుకొని తెలుగు పదం పాడేవారు కూడా అటువంటివారే. పాఠంలో ఎక్కడ అక్షరం జారిందో, ఏ మాటను ముద్రాపకుడు కన్నడంగా దిద్దాడో వారికి తెలుసు. వారిలో చాలామంది వృద్ధులు. వారి పిల్లలు కన్నడం, ఆంగ్లం చదువుకొంటున్నారు, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకొంటున్నారు. ఆ పాఠాలను పరిష్కరించుకోవలసింది ఈ పెద్దలు ఉన్న రోజుల్లోనే.

ఈ వ్యాసం సారాంశాన్ని కన్నడ లిపిలో ఒక పుటగా సిద్ధం చేశాం. ఈ సంచిక వెలువడిన తరువాత కైవారంలోను, శిడ్లఘట్ట చుట్టుపక్కల పల్లెల్లోను పంచుతాం. అక్కడినుంచి వచ్చే సవరణలను తరువాతి సంచికలో ప్రకటించడానికి సంపాదకులు అంగీకరించారు. ఆ సవరణలు మా వాదానికి అనుకూలంగా ఉన్నా, ప్రతికూలంగా ఉన్నా యథాతథంగా అచ్చువేయవలసిందని కోరాం.